మూడు వందల అప్పన్నలు

గుడ్డ అంచును పళ్ళతో పట్టి లాగి, మోకాలితో చెక్క ఫ్రేమును నేలకు అదిమి, తాతబాబు ఇంకో మేకు కొట్టాడు. తడిపిన నైలాన్ గుడ్డ ఆరేకొద్దీ బిగుసుకుంటుంది కాబట్టి తడిమీదే మేకులన్నీ పడాలి. నాలుగు అంచులూ అయ్యాక గుడ్డ మధ్యలో గోటితో మీటి చెవి ఒగ్గాడు. ఒక మూల బోలుగా పలికింది. ఆ మూల మూడు మేకులూ పీకి, మళ్ళీ పళ్ళతో లాగాడు.

వేళ్ళు పట్టు ఇవ్వడం మానేసి నాలుగేళ్ళైంది. రెండు చేతుల బొటనవేళ్ళకూ చూపుడువేళ్ళకూ కొసల్లో శనగగింజ పట్టేంత గుంటలున్నాయి. వాటి అంచులు గట్టిపడ్డాయి, మధ్యలో ఎప్పుడూ చెమ్మే. పెద్దగా నొప్పి ఉండదు. అందుకే మొదట్లో పట్టించుకోలేదు. గోళ్ళు ముదురు నారింజరంగుకి తిరిగాయి. ఎన్నిసార్లు కుంకుడుకాయతో తోమినా ఆ రంగు దిగదు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళు అతని విస్తరివైపు చూసి కాస్త ఎడం జరుగుతారు. ముక్కులోపల కూడా ఏదో తినేసింది. మల్కాపురంలో కాపురముంటూ నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ వాసన తెలియని మనిషి ఊరంతటికీ తానొక్కడేనని భార్య కాశమ్మతో అంటుండేవాడు. ఆవిడ నవ్వేది కాదు.

ఆ చేతులకీ ముక్కుకీ కారణమైన పొడి, వెనకగదిలో గూట్లో, మూతబిగించిన పాలడబ్బాలో ఉంది. నారింజరంగులో మెరిసే ఆ పొడిని షాపులవాళ్ళు కెమికల్ అనేవారు. జెలటిన్‌ను నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించి, పాత పంచెగుడ్డతో వడకట్టి, అందులో ఈ పొడి నీళ్ళు కలిపితే మందు తయారవుతుంది. చీకట్లో ఆ మందును గుడ్డమీద పలచగా పూసి, చీకట్లోనే ఆరనివ్వాలి. తరవాత దానిమీద బొమ్మగానీ అక్షరాలుగానీ ఉన్న ఫిల్ము పరిచి ఎండ చూపించాలి. ఎండ తగిలినచోట మందు గట్టిపడుతుంది. నల్లటి గీతల కింద దాక్కున్నచోట మెత్తగానే ఉండి నీళ్ళతో కడిగితే పోతుంది. ఆ కన్నాల్లోంచి రంగు దిగి కాగితంమీద అచ్చు పడుతుంది. పెళ్ళికార్డులు, స్టిక్కర్లు, బట్టలషాపు సంచులు, యూనియన్ బ్యాడ్జీలు అన్నీ అలాగే. అచ్చు వేసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. అచ్చు వెయ్యడానికి స్క్రీను తయారుచేసి ఇచ్చేవాడు తాతబాబు. గాజువాకలోనూ వన్‌టౌన్‌లోనూ ఆరు షాపులు అతని స్క్రీన్లమీదే నడుస్తున్నాయి.

గుడ్డ ఈసారి బాగా మోగింది. ఫ్రేమును గోడకి ఆనించి, నడుం పట్టుకుని లేచాడు. లేవగానే ఆయాసం వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి అది తగ్గేదాకా వీధిలోకి చూశాడు. మే నెల, ఎనిమిదికే ఎండ చురుక్కుమంటోంది. కాశమ్మ వీధికొళాయి దగ్గరనుంచి రెండో బిందె మోసుకొస్తోంది. అతని పనికి రోజుకు పన్నెండు బిందెలు కావాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ మోసిన నీళ్ళతో రేవులో ఓడ తేలుతుందని ఆవిడ ఒక్కోసారి అంటుంది.

ఆవిడ వెనకే మోపెడ్ చప్పుడైంది. తమ్ముడు వీర్రాజు. నున్నగా దువ్విన తల, కాళ్ళకు ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన బూట్లు. బండి దిగకుండానే ఒక కాలు నేలమీద ఆన్చి, చొక్కాలోంచి కాగితం చుట్ట తీశాడు.

"అన్నా, రెండు స్క్రీన్లు కావాల. ఇయ్యాలే."

"ఎవుల్దిరా?"

"మా జంక్షన్లో ఓ ఫ్రెండుది. షాపు ఎడతన్నాడు. కార్డుకొకటి, బోర్డుకొకటి. నాలుక్కొస్తాను."

"టీ తాగి ఎల్దువుగాని, దిగయ్యా," అంది కాశమ్మ బిందె దించుతూ.

"సాయంత్రం తాగుతాను వొదినా. బేగి ఎల్లాల."

చుట్ట అన్న చేతిలో పెట్టి బండి తిప్పుకున్నాడు. వీధి మలుపుదాకా తాతబాబు చూస్తూనే ఉన్నాడు. వీర్రాజు వీపు అచ్చం నాన్న వీపులా ఉంటుంది.

వీర్రాజుకు ఆరేళ్ళప్పుడు నాన్న పోయాడు. తాతబాబుకు అప్పటికి పద్ధెనిమిది. మెట్టగంటపాలెంలో ఎకరంన్నర జీడితోట, అరెకరం రాగులు పండే చోడిచేను. ఆ రెండిటిమీదా తమ్ముణ్ణి పదోతరగతిదాకా చదివించాడు. తను చదివింది మూడే. తరవాత ఉక్కు ఫ్యాక్టరీకి నేల కావాలన్నారు. ఊరు లేచిపోయింది. జీడిచెట్లను లెక్కపెట్టి నంబర్లు వేసిన రోజున తల్లి జోగమ్మ ఒక్కో చెట్టునూ తడుముతూ తోటంతా తిరిగింది. మల్కాపురం వచ్చి ఈ రెండుగదుల పెంకుటింట్లో దిగారు. తాతబాబు వన్‌టౌన్‌లో అచ్యుతరామయ్యగారి ప్రింటింగు షాపులో ఊడ్చే పనికి కుదిరాడు. కృష్ణాజిల్లానుంచి వచ్చి స్థిరపడిన ఆ ముసలాయనకు ఒక దురలవాటుంది. మందు కలిపేటప్పుడు తనలో తను పాళ్ళు గొణుక్కుంటాడు. చీపురు పట్టుకుని తాతబాబు అది విన్నాడు. ఏడాది తిరిగేసరికి ముసలాయనే చీపురు లాక్కుని చేతికి స్క్రీను ఇచ్చాడు.

నేల పోయిన ఇంటికొక ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఉద్యోగానికి ఇంటికి ఒక్క కార్డే. అధికారి కుర్చీ వేసుకుని, ఎవరి పేరు రాయమంటారని అడిగాడు. అన్నదమ్ములిద్దరూ నిలబడి ఉన్నారు. జోగమ్మ కాసేపు ఇద్దర్నీ చూసి, "పెద్దోడికి సేతిలో పనుంది బాబూ. సిన్నోడి పేరు రాయండి," అంది. తాతబాబు తల ఊపి, కాగితంమీద వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు. బయటికొచ్చాక వీర్రాజు అతని భుజంమీద చెయ్యేసి, "క్వార్టరిస్తే అందరం పోదాం అన్నా. ఈ పొడి మందు ఒగ్గేద్దువుగాని," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధం ఆడలేదు. అప్పటికది నిజమే.

ఉద్యోగం వెంటనే రాలేదు. ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళూ వీర్రాజు ముందు వసారాలో బల్ల వేసుకుని అన్న స్క్రీన్లమీద అచ్చు వేశాడు. జోగమ్మ పోయింది. వీర్రాజుకు పెళ్ళయింది. తరవాత ఉద్యోగం వచ్చింది. కిందటేడాది కూర్మన్నపాలెం దగ్గర క్వార్టర్ వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, తిప్పితే నీళ్ళొచ్చే కొళాయి. గృహప్రవేశానికి వెళ్ళిన కాశమ్మ ఆ కొళాయిని మూడుసార్లు తిప్పి చూసింది. పాలు పొంగాక, వీర్రాజు భార్య చిట్టెమ్మ అందరిముందూ, "మాకే సరిపోదండీ ఇల్లు," అని ఎవరితోనో అంటుంటే తాతబాబు విన్నాడు. వీర్రాజు కూడా విన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.   పిల్లలు పుట్టని ఇద్దరూ ఆ రోజునుంచి ఇంట్లో ఇంకాస్త తక్కువ మాట్లాడుకుంటున్నారు.

పది దాటాక తాతబాబు వెనకగదిలోకి వెళ్ళాడు. కిటికీకి తారుకాగితం మేకులతో బిగించిన గది అది. ఎర్ర బల్బు వెలుతురులో, తెల్లవారుజామున పూసి ఆరబెట్టిన చిన్న స్క్రీనుంది. చుట్ట విప్పి చిన్న ఫిల్ము తీశాడు. స్క్రీను అడుగువైపు దాన్ని పరచాలి. అటునుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనబడతాయి. ఏం రాసుందో చదివే అలవాటు అతనికి లేదు. గీత నల్లగా ఉందా, ఎక్కడైనా సిరా పలచబడిందా, అంతవరకే చూస్తాడు. చూపు కూడా మునుపటిలా లేదు. ఫిల్ము పరిచి, పైన అద్దం పెట్టి, లోపలివైపు నల్లగుడ్డ చుట్టిన స్పాంజి పలక దూర్చి, మొత్తాన్ని దుప్పటి కప్పి పెరట్లోకి మోసుకొచ్చాడు.

దుప్పటి తీసి అద్దాన్ని ఎండకు తిప్పాడు. పెదాలు కదిలాయి.

"అప్పన్న, అప్పన్న, అప్పన్న."

అతని దగ్గర గడియారం ఎప్పుడూ లేదు. అచ్యుతరామయ్యగారి షాపులో ముసలాయన వాచీ చూస్తూ నిలబడితే, తాతబాబు సింహాద్రి అప్పన్న పేరు తలుచుకుంటూ వేళ్ళమీద లెక్కపెట్టుకునేవాడు. మే నెల ఎండకి మూడు వందల అప్పన్నలు. మబ్బుంటే ఆరు వందలు. ధనుర్మాసం పొద్దున్నైతే ఎనిమిది వందలు దాటాలి. ఒక్కటి తక్కువైతే అక్షరం కొట్టుకుపోతుంది, ఎక్కువైతే తెరుచుకోదు. ముసలాయన వాచీ రెండుసార్లు తప్పింది గాని, ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. భక్తి ఉందా లేదా అని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేవాడు.

మూడు వందలు అయ్యాక దుప్పటి కప్పి, స్క్రీనును తీసుకుపోయి నీళ్ళతొట్టిలో ముంచాడు. కాసేపాగి పైకెత్తి, మగ్గుతో సన్నగా నీళ్ళు పోశాడు. మెత్తగా మిగిలిన మందు పసుపుపచ్చగా కరిగి జారింది. అక్షరాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఈసారి స్క్రీను తన వైపు సరిగ్గా తిరిగి ఉంది.

పైన పెద్ద అక్షరాలు. వీర్రాజు.

ఊళ్ళో వీర్రాజులు చాలామంది ఉన్నారు. ఇంకో మగ్గు పోశాడు. స్క్రీన్ ప్రింటర్స్, కూర్మన్నపాలెం జంక్షన్. దాని కింద చిన్న అక్షరాలు మెల్లగా తేలాయి. తాతబాబు పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదివాడు. ప్రొప్రయిటర్, గొంతిన వీర్రాజు. అన్నిటికంటే కింద ఒక వరస. ఇచ్చట అన్ని రకముల స్క్రీనులు తయారు చేయబడును.

ఆ చివరి వరస రెండుసార్లు చదివాడు.

వీర్రాజుకు స్క్రీను తయారుచెయ్యడం రాదు. అచ్చు మాత్రమే వచ్చు. ఉగాదికి వచ్చినప్పుడు వాడు వెనకగది గుమ్మానికి ఆనుకుని నిలబడి, "పొడి ఎన్ని సెంచాలేత్తావన్నా? జెలటిన్ ఎంత?" అని ఊరికే అడిగినట్టు అడిగాడు. తాతబాబు సంబరపడ్డాడు. ఏడేళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు ఎన్నడూ అడగని తమ్ముడు ఇప్పుడు అడుగుతున్నాడని, అన్నీ చెప్పాడు. పాళ్ళు, వేడి, వడకట్టేందుకు ఎంత పాత గుడ్డయితే మంచిదో కూడా. వాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. రాసుకుంటుంటే కూడా అనుమానం రాలేదు.

గాజువాక షాపులకు మల్కాపురంకంటే కూర్మన్నపాలెమే దగ్గర.

మగ్గు తొట్టిలో వదిలేశాడు. స్క్రీనును పైకెత్తి ఆకాశానికి అడ్డంగా పట్టుకున్నాడు. అన్ని అక్షరాలూ తెరుచుకున్నాయి, ఒక్క రకారం ఒత్తు తప్ప. ఆ ఒత్తులో కొంచెం మందు మిగిలిపోయింది. అలాగే ఉంచితే కార్డుమీద పేరు వీరాజు అని పడుతుంది. వెయ్యి కార్డులమీదా అలాగే పడుతుంది. తాతబాబు స్క్రీనును అలాగే తాడుకు తగిలించి, వసారాలోకి వచ్చి కూర్చున్నాడు.

అచ్చు బల్ల ఉండే చోట ఇప్పుడు బియ్యం డబ్బా ఉంది. కాశమ్మ చేటలో చోళ్ళు చెరుగుతోంది.

"ఏటి, అలాగున్నావు?"

"ఏటీ నేదు."

"అయిపోయిందా?"

"ఒకటయింది."

"ఎవుల్దట ఆ షాపు?"

కాశమ్మకు చదువు రాదు. తాడుమీద ఆరుతున్న స్క్రీను ఆవిడకు పదడుగుల దూరంలో ఉంది. తాతబాబు దానివైపు చూడకుండా, "ఎవుల్దో," అన్నాడు.

అతనికి ఛాతీలో పట్టేసినట్టుంది. అది ఆయాసమో మరొకటో అతనికి తెలియలేదు. పెద్దాసుపత్రిలో డాక్టరు రెండేళ్ళ క్రితం వీపుమీద గొట్టం పెట్టి చూసి, చేతులు తిప్పి చూసి, ఈ పని మానెయ్యమన్నాడు. మానేసి ఏం చెయ్యాలో అడుగుదామంటే వెనక చాలా పెద్ద వరస ఉంది. అప్పుడు కూడా అతను, క్వార్టరొస్తే మానెయ్యొచ్చులే అనుకున్నాడు. ఒక్కడి మాటను పట్టుకుని మనిషి ఎన్నాళ్ళు ఉండగలడో ఇప్పుడు లెక్కేస్తే పదేళ్ళు దాటింది.

ఎండ తాడు మీదికి పాకింది. ఇంకాస్సేపట్లో స్క్రీను ఆరిపోతుంది. ఆరిపోతే ఆ ఒత్తు ఇక తెరుచుకోదు.

తాతబాబు లేచాడు. గూట్లోంచి సన్నబ్రష్షు తీసి, నీళ్ళలో ముంచి, స్క్రీనును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుంటలుపడ్డ వేళ్ళకు బ్రష్షు నిలవక, రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. కొసతో ఒత్తు మీద తడి అద్ది, ఊది, మళ్ళీ అద్దాడు. గట్టిగా రుద్దితే అంచు చెదురుతుంది. చాలాసేపు పట్టింది. చివరికి మందు కరిగి చిన్న చుక్కగా జారింది. ఒత్తు విడిపోయింది. ఆపైన ఎక్కడెక్కడ గుండుసూది మొనంత కన్నాలున్నాయో ఆకాశానికి పెట్టి వెతికి, ఒక్కొక్కటీ మూశాడు. తన చేతిలోంచి చెడ్డ స్క్రీను ఎన్నడూ పోలేదు.

ఆ పని చేస్తున్నంతసేపూ సాయంత్రం ఏం అడగాలో అనుకున్నాడు. చాలా మాటలు వచ్చాయి. అమ్మ పేరు ఎత్తాలనుకున్నాడు, ఉద్యోగం కాగితంమీద పెట్టిన సంతకం సంగతి ఎత్తాలనుకున్నాడు. అవన్నీ వడపోసుకోగా చివరికి ఒకటే మిగిలింది. ఒరే, నాకు సెప్తే నానే సేసియ్యనా? దాన్ని రెండుమూడుసార్లు లోపల అనుకుని చూసుకున్నాడు. కోపంగా అనకూడదు. మామూలుగా అనాలి.

మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. కాశమ్మ చోడంబలి తెచ్చిస్తే సగం తాగాడు. పొద్దున్న మేకులు కొట్టిన పెద్ద ఫ్రేముకు మందు పుయ్యాలి. బోర్డుకు సంబంధించిన రెండో ఫిల్మును అతను విప్పి చూడలేదు.

"కాసేపు తొంగుని సెయ్యరాదా," అంది కాశమ్మ.

"మందు కలిపేసేను. నిలవుంటే పనికిరాదు."

వెనకగది గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "పూసేక ఇక్కడే తొంగుంటాను. తలుపు తియ్యకు," అన్నాడు.

ఆ మాట అక్కర్లేదు. కాపురానికి మల్కాపురం వచ్చిన కొత్తలో ఒకసారి కాశమ్మ ఏదో చెప్పబోయి తలుపు తోసింది. ఆరు స్క్రీన్లు పాడయ్యాయి. తాతబాబు ఆవిణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. పాడైన ఆరు స్క్రీన్లనూ ముందేసుకుని పొద్దుగుంకేదాకా కూర్చున్నాడు. ఆ తరవాత పన్నెండేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా మూసిన ఆ తలుపు ముట్టుకోలేదు. చుట్టాలొచ్చినా, అత్తగారికి ప్రాణంమీదికొచ్చినప్పుడు కూడా, తలుపవతల నిలబడి పిలిచిందేగాని తియ్యలేదు. మందు పూశాక ఆ చల్లటి చీకట్లో గోడకానుకుని తాతబాబు ఓ కునుకు తీస్తాడు. ఆరగానే తనే బయటికొస్తాడు.

తలుపు మూసుకుంది. కాసేపు స్కేలుబద్దతో మందు లాగుతున్న చప్పుడు వినిపించింది. గుడ్డమీద ఆ చప్పుడు చీర చింపినట్టుంటుంది. తరవాత రెండుసార్లు దగ్గు. తరవాత విసనకర్ర ఊపుతున్న చప్పుడు. కాశమ్మ మిగిలిన చోళ్ళు చెరుక్కుని, తిరగలి దగ్గర కూర్చుంది. తిరగలి మోతలో ఇంకేం వినబడలేదు.

నాలుగింటికి వీర్రాజు వచ్చాడు. ఈసారి బండి దిగి స్టాండు వేశాడు.

"అన్నేడీ?"

"లోపల. పెద్దది ఆరతంది."

వీర్రాజు వసారా అరుగుమీద కూర్చున్నాడు. కాశమ్మ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. తాడుమీద స్క్రీను కనబడి, అతను లేచి దాన్ని తీశాడు. ఆకాశానికి అడ్డం పెట్టి చూశాడు. తన పేరు అంచులు చెదరకుండా, కోసినట్టు తేటగా ఉంది. ఒత్తుతో సహా. చాలాసేపు చూశాడు. తరవాత దాన్ని అక్షరాలు అటువైపు ఉండేలా గోడకు తిప్పి పెట్టాడు.

టీ గ్లాసు అందుకుంటూ, "అన్న ఏటైనా అన్నాడేటి వొదినా?" అన్నాడు.

"దేనికి?"

"ఊరికే."

"ఏటీ అన్నేదు. అన్నం తిన్నేదు, అంతే."

వీర్రాజు టీ మెల్లగా తాగాడు. ఒకసారి తలుపువైపు చూసి గొంతు సవరించుకున్నాడు. అన్నతో తనే చెప్పేద్దామని ఆ క్షణంలో అనుకున్నాడట. చాలా రోజుల తరవాత కాశమ్మతో ఆ మాట అన్నాడు. అనుకున్నాడో లేదో మరి. అప్పుడైతే చేతివాచీ చూసుకున్నాడు. నాలుగున్నర.

"ఇంకెంతసేపు పడతాది?"

"ఆరితే మీ అన్నే వొత్తాడు."

అయిదయింది. వీధిలో చేపలబుట్టలతో జాలరిపేట ఆడాళ్ళు తిరిగి పోతున్నారు. వీర్రాజు రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చున్నాడు. కాశమ్మ తలుపు దగ్గరకెళ్ళి, చెయ్యి వెయ్యకుండా, "ఇదిగో, తమ్ముడొచ్చేడు," అంది.  కొంచెం గట్టిగా మళ్ళీ అంది. తరవాత వచ్చి తిరగలి పక్కన కూర్చుంది.

"నిద్దరట్టేసినట్టుంది. రేత్రంతా దగ్గు."

"నాను తీస్తానొదినా."

"వొద్దు. పాడైపోద్ది. నువ్వు తెచ్చిన పనే కదా, పాడైతే మళ్ళీ రేపటిదాకా ఆగాల."

వీర్రాజు ఆగాడు. అయిదున్నర దాటాక మాత్రం ఆగలేదు. బూట్లతోనే లోపలికెళ్ళి తలుపు తోశాడు.

పడమటి ఎండ తలుపులోంచి తిన్నగా వెళ్ళి అవతలి గోడకు కొట్టింది. తాతబాబు ఆ గోడకు ఆనుకునే కూర్చుని ఉన్నాడు. కాళ్ళు చాపుకుని ఉన్నాడు, తల ఒకపక్కకు ఒరిగింది. విసనకర్ర ఒళ్ళో ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఏదో లెక్కలో ఉన్నట్టుంది ముఖం. వీర్రాజు "అన్నా" అని భుజం ముట్టుకున్నాడు. భుజం అప్పటికే చల్లగా, బిగుసుకుని ఉంది.

పన్నెండేళ్ళలో మొదటిసారి కాశమ్మ, అతను బయటికి రాకముందే ఆ గుమ్మం దాటింది. దాటబోతూ కూడా ఒక్క క్షణం ఆగింది.

తరవాత ఇంటినిండా జనం. తలుపు బార్లా తీసే ఉంది. వీర్రాజు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా నేలమీద చతికిలబడి, అన్న చేతులు రెండూ పట్టుకుని, వేళ్ళ కొసల్లోని గుంటల్ని ముఖానికి రాసుకుంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు చూసినవాళ్ళు, తమ్ముడంటే వీడేరా అనుకున్నారు. తలకొరివి అతనే పెట్టాడు. గుండు చేయించుకున్నాడు. పదకొండు రోజులూ నేలమీదే పడుకున్నాడు.

పన్నెండోరోజు భోజనాలయ్యాక వీర్రాజు ఒక రిక్షా పిలిపించాడు. అద్దం, స్పాంజి పలక, కొలత చెంచాలు, పొడి డబ్బా, చుట్టగా ఉన్న కొత్త నైలాన్ గుడ్డ, ఖాళీ ఫ్రేములు అందులో సర్దించాడు. గోడకు తిప్పి పెట్టిన చిన్న స్క్రీనును మాత్రం పాత చీరలో చుట్టి తనే మోపెడ్‌మీద పెట్టుకున్నాడు. ఆరుబయట చెప్పులు వేసుకుంటూ, "మా దగ్గిరికొచ్చెయ్యి వొదినా," అన్నాడు. చిట్టెమ్మ రిక్షా దగ్గర నిలబడి తాడు ముడి సరిచూస్తోంది.

"సూద్దారిలే," అంది కాశమ్మ.

వీర్రాజు మళ్ళీ అడగలేదు.

నెల తిరిగాక అచ్యుతరామయ్యగారు వచ్చారు. చేతికర్రతో వన్‌టౌన్‌నుంచి బస్సెక్కి వచ్చిన ముసలాయనకు గుక్కతిప్పుకోడానికే పావుగంట పట్టింది. కబురు ఆలస్యంగా తెలిసిందన్నారు. జేబులోంచి ఒక కార్డు తీసి, కళ్ళద్దాలు సర్దుకుని వేళ్ళమధ్య తిప్పారు.

"గాజువాకలో మావాడికి ఎవరో ఇచ్చారమ్మా. చూడగానే తెలిసిపోయింది నాకు, ఇది తాతబాబు స్క్రీనని. ఈ ర్రా చూడు, ఎంత తేటగా ఉందో. ఇంకెవరి చేతికీ రాదిది."

"ఏటి రాసుందండీ?"

ఆయన మొత్తం చదివారు. పేరు, ఊరు, ప్రొప్రయిటరు, చివరి వరస. కాశమ్మ విని, మళ్ళీ చదవమంది. రెండోసారి విన్నాక కార్డు చేతిలోకి తీసుకుని, తనకు తెలియని ఆ అక్షరాలను వేలితో తడిమింది.

"ఆ రోజు సేసిందే," అంది. "ఎవుల్దని అడిగేను. ఎవుల్దో అన్నాడు."

ముసలాయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. కార్డు ఉంచుకుంటావా అని అడిగారు. అక్కర్లేదంది.

జూన్ చివర్లో వానలు పట్టాయి. కాశమ్మ అప్పటికి రేవు దగ్గర క్యాంటీన్లో గిన్నెలు తోమే పనికి వెళ్తోంది. వెనకగదికి వెలుతురుంటే అద్దెకివ్వొచ్చని పక్కింటి రామలక్ష్మమ్మ అంటే, ఒక ఆదివారం కిటికీకున్న తారుకాగితం పీకేసింది. తలుపుల్లేని కిటికీ. ఆ రాత్రే జల్లు కొట్టి గది తడిసింది. పొద్దున్న లేచి అడ్డం పెట్టడానికేమైనా ఉందా అని వెతికితే, మూలన పెద్ద ఫ్రేము ఒకటి కనబడింది. రిక్షాలో వెయ్యకుండా వీర్రాజు వదిలేసినది. ఆ సాయంత్రం తలుపు తీసినప్పుడు ఎండ పడి, అక్షరం పెట్టకుండానే మందంతా గట్టిపడిపోయిన స్క్రీను. దానితో ఎవరికీ పనిలేదు.

కాశమ్మ దాన్ని కిటికీకి ఆనించి, నాలుగు మూలలా మేకులు కొట్టింది. మధ్యాహ్నం మళ్ళీ వాన వచ్చింది. చినుకులు గుడ్డమీద పడి చప్పుడు చేస్తూ కిందికి జారిపోయాయి, ఒక్కటీ లోపలికి దిగలేదు. వాన వెలిశాక పలచటి ఎండ కాసింది. తేనెరంగులో నాలుగు పలకల వెలుతురు, ఒక్క గీతైనా లేకుండా, ఖాళీ గది నేలమీద పడి ఉంది.